విరేచనాలు కట్టాయి, మాత్రలు ఆపేయవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "నాకు 34 ఏళ్లు. పది రోజులు జిగట విరేచనాలు, మధ్యమధ్య రక్తపు చారలు. మలపరీక్షలో అమీబా ఉందని తేలింది. డాక్టరు మెట్రోనిడజోల్ 400 మాత్రలు పూటకు రెండు చొప్పున మూడు పూటలూ ఏడు రోజులు, తర్వాత డైలోక్సనైడ్ అనే మరో మాత్ర పది రోజులు రాశారు. గురువారం పొద్దున మొదలుపెట్టాను, ఈ రోజు ఆదివారం. విరేచనాలు శుక్రవారమే కట్టాయి. నోట్లో ఇనుపముక్క పెట్టుకున్నట్టుంది, అన్నం చూస్తే వికారం, మూత్రం ఎర్రగా వస్తోంది. తగ్గింది కాబట్టి ఆపేయవచ్చా? వచ్చే శుక్రవారం బావమరిది పెళ్లి, ఆ రోజు కొంచెం పుచ్చుకుంటే ఫర్వాలేదా? మా ఆవిడకూ నాలుగేళ్ల పాపకూ ఇవే వేయాలా? మిగిలిన మాత్రలు మా అమ్మకు పనికొస్తాయా? ఆమెకూ తరచూ కడుపు పాడవుతుంది. గుండె కవాటం మార్చారు, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది."

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావాటికి జవాబు రేపు చదివినా కొంప మునగదు, అమ్మగారి సంగతి మాత్రం ఈ రోజే తెలియాలి. మీ మాత్రలు ఆమెకు ఒక్కటి కూడా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివే పని కూడా పెట్టుకోకుండా ముందు ఆమె గుండె డాక్టరుకు ఫోను చేయండి.

కారణం చెబుతాను. కవాటం మార్చినవారు వేసుకునేది సాధారణంగా వార్ఫరిన్ గానీ ఎసినోకుమరాల్ గానీ అయి ఉంటుంది. రెండోది మన షాపుల్లో ఎసిట్రోమ్ పేరుతో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాత్రకు మోతాదు కుదర్చడం కత్తి మీద సాము. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. అందుకే నెలనెలా రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించి అర మాత్ర పెంచడం, పావు మాత్ర తగ్గించడం చేస్తుంటారు. మెట్రోనిడజోల్ లోపలికి వెళ్లిందంటే ఆ మాత్రను కాలేయం ఖర్చు చేసే వేగం పడిపోతుంది. వేసుకునేది అదే మాత్ర, అదే మోతాదు, కానీ రక్తంలో దాని నిల్వ రోజురోజుకూ పెరుగుతుంది. కొద్ది రోజులకు పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగదు, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు వస్తాయి, మలం తారులాగా నల్లగా వస్తుంది. తలలో రక్తస్రావం జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఆమెకు నిజంగానే అమీబా ఉందనుకోండి, అప్పుడు కూడా ఈ మందు వాడకూడదని కాదు. ఐఎన్‌ఆర్ త్వరత్వరగా చూస్తూ, పలచబడే మాత్ర సవరిస్తూ డాక్టరే ఇస్తారు. అసలు ఆమె కడుపు పాడవడానికి అమీబాయే కారణమని ఎవరు చెప్పారు?

నేను ముప్పై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనకాలే గడిచింది. డాక్టరును కాను. మిమ్మల్ని పరీక్షించినది మీ డాక్టరు, మోతాదు మార్చే హక్కు ఆయనదే. ఆ చీటీలో రాసినది ఎందుకు రాశారో, దాన్ని ఇంట్లో ఎలా పాడుచేసుకుంటారో మాత్రం నాకు బాగా తెలుసు, కిటికీ అవతల నిలబడి మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లను చూశాను కాబట్టి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆపకూడదు. విరేచనాలు కట్టడం అంటే అమీబా పోవడం కాదు.

ఈ జీవికి రెండు రూపాలున్నాయి. ఒకటి కదిలే రూపం. పెద్దపేగు గోడను తినేసి పుండ్లు చేసేది, జిగటకూ రక్తానికీ కారణం ఇదే. రెండోది చుట్టూ గట్టి పొర కట్టుకుని పేగు లోపల కదలకుండా ఉండే రూపం. దీన్ని కోశం అంటారు, మీ ల్యాబు రిపోర్టులో సిస్టు అని రాసి ఉంటుంది. మలంతో బయటికి వచ్చి, నీళ్లలోనో ఆకుకూర మీదనో వేలి గోటి సందులోనో కూర్చుని మరొకరి నోటికి చేరేది ఈ కోశమే. మెట్రోనిడజోల్ మొదటి రూపం మీద దెబ్బ కొట్టడంలో మొనగాడు. మింగిన మాత్ర చిన్నపేగులోనే దాదాపు అంతా రక్తంలోకి పీల్చుకుపోతుంది, రక్తం ద్వారా పేగు గోడకూ కాలేయానికీ చేరుతుంది. పీల్చుకుపోయింది కాబట్టే పెద్దపేగు లోపలి ఖాళీలో మిగిలేది చాలా తక్కువ. అక్కడున్న కోశాల జోలికి అది పెద్దగా వెళ్లదు. మెట్రోనిడజోల్ ఒక్కటే వాడి వదిలేసిన వాళ్లలో దాదాపు సగం మందికి పేగులో అమీబా మిగిలే ఉంటుంది. మీ డాక్టరు రాసిన రెండో మాత్ర, డైలోక్సనైడ్, సరిగ్గా ఆ మిగిలినవాటి కోసమే. అది పేగులోనే ఉండి పనిచేస్తుంది.

కిటికీ దగ్గర నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఈ రెండో మాత్ర దగ్గరే జరుగుతుంది. మొదటి కోర్సు కష్టపడి మింగుతారు. అది అయ్యేసరికి ఒంట్లో బాగుంటుంది, చీటీ ఎక్కడో పోతుంది, రెండో మందు కొననే కొనరు. కొన్నవారు కూడా "ఇది బలానికి రాశారేమో" అనుకుని అటక మీద పెడతారు. మీ చీటీ ఒకసారి తీసి చూడండి. రెండు మందులూ ఒకే మాత్రలో కలిపి ఉన్నవీ దొరుకుతాయి. మీకు ఇచ్చినది అలాంటిదైతే విడిగా రెండోది ఉండకపోవచ్చు. స్ట్రిప్పు మీద పేరు చదివి డాక్టరునో షాపులో ఫార్మసిస్టునో అడిగి తేల్చుకోండి.

మధ్యలో ఆపితే ఏమవుతుందో ఒక మనిషిని చూపించి చెబుతాను. యాభై దాటిన రైతు, మూడు రోజులు వేసుకుని విరేచనాలు కట్టగానే ఆపేశాడు. రెండు నెలలకు చలిజ్వరం, కుడి పక్క డొక్క కింద నొప్పి. వంగితే నొప్పి, దగ్గితే నొప్పి, కుడి భుజంలోకి కూడా లాగేది. మలేరియా అని కొన్నాళ్లు, గ్యాసని కొన్నాళ్లు తిరిగాడు. చివరికి స్కానింగులో కాలేయంలో బత్తాయంత గడ్డ కనిపించింది. సూది పెట్టి తీస్తే చాక్లెట్ రంగులో చీము వచ్చింది. పేగులో మిగిలిన అమీబా రక్తనాళం పట్టుకుని కాలేయానికి పాకితే జరిగేది ఇదే. అప్పుడు విరేచనాలు ఉండాలని కూడా లేదు, అందుకే చాలామంది పాత రోగానికీ దీనికీ ముడి వేసుకోరు. ఆయన బతికి బట్టకట్టాడు. ఆ మందే మళ్లీ, ఈసారి సెలైను బాటిల్‌తో పాటు నరంలోకి ఎక్కించారు.

మా సీనియరు ఒకాయన చెప్పేవారు, మెట్రోనిడజోల్ రాకముందు ఈ రోగానికి ఎమిటిన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారట. గుండె మీద ప్రభావం చూపుతుందని రోగిని మంచం దిగనిచ్చేవారు కాదు, నాడి చూస్తూ ఉండేవారు. 1960ల తర్వాత ఈ మాత్ర వాడుకలోకి వచ్చి ఆ బాధ తప్పింది. నోరు చేదుగా ఉందని విసుక్కున్నప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి, కొంచెం ఓపిక వస్తుంది.

నోటి సంగతికి వద్దాం. ఇనుపముక్క పెట్టుకున్నట్టు అన్నారు, సరిగ్గా చెప్పారు. మందు లాలాజలంలోకి కూడా వస్తుంది కాబట్టి ఆ రుచి పుక్కిలించినా పోదు. కోర్సు అయిపోయిన కొద్ది రోజులకు అదే పోతుంది. వికారానికి మాత్రం మీరు చేయగలిగినది ఉంది. చాలామంది "ముందు మాత్ర, తర్వాత అన్నం" అనుకుంటారు. మెట్రోనిడజోల్ మాత్రలకు అది తప్పు. నాలుగు ముద్దలు తిన్నాక, అన్నం మధ్యలోనో చివరలోనో, పెద్ద గ్లాసుడు నీళ్లతో మింగండి. నమలవద్దు, పొడి చేయవద్దు, ఆ చేదు నాలుక మీద పడితే ఇక ఆ పూట భోజనం లేనట్టే. పెరుగన్నం, చారన్నం, ఇడ్లీ లాంటివి పడతాయి. వేపుళ్లు, మసాలా కూరలు ఈ వారం పక్కన పెట్టండి. భోజనం తర్వాత ఒక యాలక్కాయో లవంగమో బుగ్గన పెట్టుకుంటే రుచి కొంత మరుగున పడుతుంది, వైద్యం అని కాదు, ఊరట. నాలుక మీద తెల్లగా పేరుకుపోయి మంట పుడితే మాత్రం డాక్టరుకు చెప్పండి.

పూట అంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని అర్థం చేసుకుని, ఉదయం పదకొండుకు ఒకసారి, రెండింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వేసుకునేవారు ఉన్నారు. మూడు పూటలు అంటే దాదాపు ఎనిమిది గంటలకు ఒకసారి అని. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరికి వచ్చేసి ఉంటే వదిలేయండి. రెండు పూటలవీ కలిపి నాలుగు మాత్రలు ఒకేసారి మింగకండి. మింగిన అరగంట లోపలే వాంతి అయి మాత్ర బయటపడితే మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరును ఫోనులో అడగండి. రోజూ అదే జరుగుతుంటే మందు మార్చే ఉపాయం ఆయన దగ్గర ఉంది, టినిడజోల్ లాంటివి ఉన్నాయి. మీ అంతట మీరు తగ్గించి "పూటకు ఒకటి వేసుకుంటాను" అనడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఇబ్బందులన్నీ ఉంటాయి, ఫలితం ఉండదు.

మూత్రం రంగు చూసి భయపడి ఆసుపత్రికి పరుగెత్తినవారు నాకు లెక్కలేనంత మంది తెలుసు. మెట్రోనిడజోల్ శరీరంలో విరిగినప్పుడు పుట్టే ఒక రంగు పదార్థం మూత్రంలోకి దిగుతుంది. ఎర్ర గోధుమ రంగు, ముదురు టీ డికాక్షన్ రంగు రావచ్చు. హాని లేదు. అయితే ఒక్క పని చేయండి. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి కంటి తెల్లగుడ్డు చూసుకోండి. పచ్చగా ఉంటే, లేదా మూత్రం ముదురుగా ఉంటూ మలం సున్నంలా పాలిపోయి వస్తే అది మందు రంగు కాదు, కాలేయం సంగతి. అప్పుడు ఆగకుండా వెళ్లండి. అసలు రక్తమేమో అన్న అనుమానం ఉంటే మూత్రపరీక్ష ఒకటి చేయిస్తే తేలిపోతుంది, ఖర్చు పెద్దగా ఉండదు.

ఇప్పుడు పెళ్లి. మీరు లెక్క నాతో పాటు వేయండి. గురువారం పొద్దున మొదలైన ఏడు రోజుల కోర్సు బుధవారం రాత్రి ముగుస్తుంది. చివరి మాత్ర తర్వాత కనీసం మూడు రోజులు మద్యం ముట్టకూడదని చెబుతారు. అంటే శనివారం రాత్రి దాకా. పెళ్లి శుక్రవారం. కాబట్టి ఆ రోజు మీ చేతిలో ఉండాల్సింది కొబ్బరి బొండం. మెట్రోనిడజోల్ ఉన్న ఒంట్లోకి మద్యం వెళితే కొందరికి ముఖం కందిపోయి వేడెక్కుతుంది, తల పగిలిపోయేలా నొప్పి, గుండె దడ, వాంతుల మీద వాంతులు. అందరికీ జరగదు. "నేను తాగాను, నాకేమీ కాలేదు" అనే బంధువు పెళ్లిలో తప్పకుండా ఒకడు ఉంటాడు. మీరు ఏ రకం మనిషో ముందుగా తెలుసుకునే పరీక్ష లేదు.

ఒకసారి రాత్రి పూట డ్యూటీలో ఉండగా ఒక యువకుణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది, గుండె ఆగిపోతోందని ఏడుస్తున్నాడు. ఏమి తిన్నావు, ఏమి తాగావు అంటే ఏమీ లేదన్నాడు. మందు తాగావా అంటే లేదు, ఒట్టు అన్నాడు. జేబులో చూస్తే మెట్రోనిడజోల్ స్ట్రిప్పు. మళ్లీ అడిగితే, "కల్లు తాగాను సార్, మందు తాగలేదు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. అతని లెక్కలో కల్లు మందు కాదు. ఆ రోజు నుంచి నేను ఎవరినీ "మద్యం అలవాటుందా" అని అడగలేదు. కల్లు, బీరు, సారా, విస్కీ, బ్రాందీ అని పేరుపేరునా అడిగేవాణ్ణి. దానితో పాటు మరికొన్ని చేర్చేవాణ్ణి: ద్రాక్షారిష్టం, అశోకారిష్టం లాంటి అరిష్టాలన్నీ పులియబెట్టి చేసేవే, వాటిలో ఆల్కహాలు ఉంటుంది. కొన్ని దగ్గు మందుల్లో, కొన్ని హోమియో చుక్కల మందుల్లో కూడా ఉంటుంది. సీసా మీద చదివి ఈ పది రోజులు పక్కన పెట్టండి. మద్యం మానిపించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, గత రెండు వారాల్లో వాడి ఉన్నా, వారికి మెట్రోనిడజోల్ అసలు పనికిరాదు, మనసు అదుపు తప్పే ప్రమాదం ఉంది. ఇంకో మాట. అమీబా వల్ల కాలేయంలో గడ్డతో మన దక్షిణాది ఆసుపత్రులకు వచ్చేవారిలో మగవారే ఎక్కువ, అందులోనూ కల్లు, సారా అలవాటున్నవారు ఎక్కువ. కాబట్టి పెళ్లి అయ్యాక ఆదివారం నుంచి ఏమిటి అన్నది కూడా మీరు ఆలోచించుకోవాలి, నేను చెప్పేది అంతే.

ఆవిడకూ పాపకూ ఇవే వేయాలా అంటే, వేయవద్దు, పరీక్ష చేయించండి. ఒకే ఇంట్లో ఒకే వంట, ఒకే మరుగుదొడ్డి. వాళ్లకూ కోశాలు చేరి ఉండే అవకాశం ఉంది, బాధ ఏమీ లేకపోయినా. అలా బాధ లేకుండా కోశాలు మాత్రమే ఉన్నవారికి సాధారణంగా మెట్రోనిడజోల్ అక్కర్లేదు, పేగులోపల పనిచేసే మందు ఒక్కటే ఇస్తారు. పైగా సూక్ష్మదర్శినిలో అచ్చం ఇలాగే కనిపించే మరో అమీబా ఉంది, దానివల్ల హాని లేదు, మందూ అక్కర్లేదు. ఈ తేడా పట్టించుకోకుండా ఇంటిల్లిపాదీ స్ట్రిప్పులు పంచుకోవడం సబబు కాదు. మీ ఆవిడ గర్భవతి అయినా, పాలిస్తున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. పాపకు అవసరమైతే బరువు తూచి మోతాదు కడతారు, సిరపు ఇస్తారు. సీసా బాగా కుదిపి, దానితో వచ్చిన కొలత మూతతోనే పోయాలి. వంటింటి చెంచాల్లో ఏ రెండూ ఒక కొలత కావు.

మలపరీక్షకు ఇచ్చే నమూనా గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. అందులో మూత్రం కలవకూడదు, నీళ్లు కలవకూడదు. పొద్దున తీసి ఫ్రిజ్ పక్కన పెట్టి సాయంత్రం ల్యాబుకు తీసుకెళ్తే కదిలే అమీబా అప్పటికే చచ్చి కరిగిపోయి ఉంటుంది, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. అరగంట, గంటలోపు చేర్చాలి. కోశాలు రోజూ పడవు, అందుకే వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు అడుగుతారు. మందు మొదలుపెట్టాక కాదు, ముందే ఇవ్వాలి.

"పాపకు మొన్ననే అంగన్‌వాడీలో పురుగుల మాత్ర వేశారు కదా" అని మీరు అనబోతున్నారని నాకు తెలుసు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఒకటి నుంచి 19 ఏళ్ల పిల్లలకు వేసే ఆ మాత్ర ఆల్బెండజోల్ 400. అది ఏలికపాములు, కొంకిపురుగులు, నులిపురుగుల వంటి పురుగుల మీదికి. అమీబా పురుగు కాదు, ఒకే కణం ఉన్న జీవి, ఆ మాత్ర దాన్ని ముట్టుకోదు. అలాగే మీ మెట్రోనిడజోల్ ఏలికపాములను ఏమీ చేయదు. మనవాళ్లు "కడుపులో పురుగుల మందు" అని ఒకే పేరు పెట్టేసి అన్నిటినీ ఒక గాటన కట్టేస్తారు. బోదకాలు మాత్రలు పంచినప్పుడు ఇచ్చే డీఈసీ కూడా వేరే జీవి మీదికి, ఫైలేరియా క్రిముల మీదికి. ఆ మందు మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేసిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది, చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది. అయినా దాన్ని అమీబాకు వేసుకుంటే ఏమి లాభం?

ఆల్బెండజోల్ మాట వచ్చింది కాబట్టి, అందరికీ పనికొస్తుందని నాలుగు ముక్కలు. ఏడాది నిండి రెండేళ్ల లోపు ఉన్న పిల్లలకు అర మాత్ర. చిన్నపిల్లలకు మాత్ర అలాగే నోట్లో పెట్టి ముక్కు మూసి నీళ్లు పోయకండి, గొంతుకు అడ్డంపడి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు ఉన్నాయి. రెండు చెంచాల మధ్య నలిపి పొడి చేసి కాసిని నీళ్లలో కలిపి తాగించండి. పిల్ల ఏడుస్తుంటే ఏడుపు ఆగేదాకా ఆగండి. జ్వరంగా ఉన్న రోజు వద్దు. నులిపురుగులకైతే ఒక్క మాత్రతో అయిపోదు. మందు పురుగులను చంపుతుంది గానీ గుడ్లను కాదు. అందుకే రెండు వారాల తర్వాత మరో మాత్ర, ఇంట్లో అందరికీ ఒకేసారి, ఆ రోజే దుప్పట్లూ లోదుస్తులూ వేడినీళ్లలో ఉతకడం. రాత్రి పూట పిల్ల ఆసనం దగ్గర గోక్కుంటుంటే టార్చి వేసి చూడండి, తెల్లటి దారపు ముక్కల్లా కదులుతూ కనిపిస్తాయి. బెల్లం తింటే పురుగులు పుడతాయన్నది, నిద్రలో పళ్లు కొరికితే పురుగులున్నట్టే అన్నది, బుగ్గ మీద తెల్లమచ్చ వస్తే పురుగుల మచ్చ అన్నది మన అమ్మమ్మల నమ్మకాలు. వాటిని పట్టుకుని నెలకో మాత్ర వేయకండి.

ఇదే ఆల్బెండజోల్‌ను మెదడులో బద్దెపురుగు తిత్తులున్నవారికి రోజుల తరబడి ఇస్తారు. అది పూర్తిగా వేరే వైద్యం. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు, అందుకని స్టెరాయిడ్ తోడుగా ఇస్తారు, ముందు కళ్లు పరీక్షిస్తారు, కోర్సు పొడవైతే కాలేయం పరీక్షలూ రక్తకణాల లెక్కా చూస్తారు. అక్కడ మాత్రను కాస్త నెయ్యి, నూనె ఉన్న భోజనంతో వేసుకోమంటారు, కొవ్వుతో కలిస్తే ఐదు రెట్ల దాకా ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి. పేగులో పురుగులకు ఈ నియమం అక్కర్లేదు, మందు పేగులో ఉంటేనే పని. ఫిట్స్ ఉన్నవారు, ఫిట్స్ మాత్రలు వాడుతున్నవారు పురుగుల మందు ఏది వేసుకోవాలన్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

మళ్లీ మీ దగ్గరికి. ఏ లక్షణం వస్తే కోర్సు సగంలో ఉన్నా సరే వెంటనే డాక్టరును కలవాలి అంటే: కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం, నడుస్తుంటే తూలడం, మాట తడబడటం, ఫిట్స్, ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పొక్కులు, కళ్లు పచ్చబడటం. ఇవి మందు వల్ల అరుదుగా వచ్చేవి, కానీ వస్తే సర్దుకుపోవాల్సినవి కావు. జ్వరం, కుడి డొక్కలో నొప్పి, రక్తం మళ్లీ పడటం, పొట్ట బిగుసుకుపోవడం రోగం ముదిరిన గుర్తులు. రక్తం పడుతున్నప్పుడు విరేచనాలు కట్టించే లోపరమైడ్ మాత్ర ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

నీరసానికి ఓఆర్ఎస్ తాగుతుంటే పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపండి. గ్లాసులో చిటికెడు, చిటికెడు వేసుకోవడం, ప్యాకెట్టంతా ఒకే గ్లాసులో పోయడం, రెండూ తప్పే. పాలు, మజ్జిగ మెట్రోనిడజోల్‌కు అడ్డు రావు. అయితే ఒఫ్లోక్సాసిన్ వంటి మందు కలిసిన జోడు మాత్రలైతే గ్యాసు మాత్రలు, ఐరన్ మాత్రలు రెండు గంటల ఎడంగా వేసుకోవాలి. ఈ జోడు మాత్రలను ప్రతి విరేచనానికీ చీటీ లేకుండా అమ్మే అలవాటు మన షాపుల్లో పాతుకుపోయింది. నా వృత్తివాళ్ల తప్పు కాబట్టి సిగ్గుతోనే చెబుతున్నాను.

షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చారా? అయితే పేరూ గడువు తేదీ ఉన్న వైపు ఎవరి దగ్గర ఉందో చూడండి. మీ కోర్సుకు 42 మాత్రలు, ఈ రోజు పొద్దుటి వరకు 20 అయి ఉండాలి, 22 మిగలాలి. లెక్కపెట్టి చూసుకోండి. 22 కన్నా ఎక్కువ మిగిలితే ఎక్కడో పూట తప్పిందని అర్థం, ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. కోర్సు సరిగ్గా పూర్తయితే అమ్మగారికి ఇవ్వడానికి మిగిలేవి ఉండనే ఉండవు.

గురువారం పొద్దున డైలోక్సనైడ్ మొదలవుతుంది. దానితో కడుపు ఉబ్బరం, గాలి పోవడం ఎక్కువగా ఉంటాయి, పెళ్లి పందిట్లో కొంచెం ఇబ్బందే. మాత్రలు జేబులోనే పెట్టుకుని వెళ్లండి, భోజనాల హడావుడిలో మధ్యాహ్నం పూట తప్పేది అక్కడే. నీళ్లు మీ సీసావి తాగండి, ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చినవి. మామూలుగా కలిపే క్లోరిన్‌కు ఈ కోశాలు చావవు, చేతికి రాసుకునే శానిటైజర్‌నూ నమ్ముకోవద్దు, సబ్బూ నీళ్లే. కోర్సు అంతా ముగిసిన మూడు నాలుగు వారాలకు మలపరీక్ష మళ్లీ చేయించి, ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరును కలవండి. ఆవిడ, పాప రిపోర్టుల్లో ఏమి వచ్చిందో ఇక్కడ రాస్తే నాకు తోచింది చెబుతాను.